దేవుడు కల్లేదారు కాడు



మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్ల మీద, స్కాలర్‌షిప్‌ల మీద, పోడు పట్టాల మీద పోస్టులు వస్తుంటాయి. ఈసారి కొంచెం వేరే విషయం రాస్తున్నాం. హాస్టల్లో ఉండే మేము కొంతమందిమి, క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చిన కోయ పిల్లలం, రాత్రిళ్లు అన్నం తిన్నాక కూర్చుని చాలా రోజుల నుంచి మాట్లాడుకుంటున్న మాట ఇది. పోస్టు పెద్దదే, తీరిగ్గా చదవండి. వేరే నమ్మకం ఉన్నవాళ్లు కూడా చదవండి, మీకు సంబంధించిన మాట కూడా ఇందులో ఉంది.

విషయం ఏందంటే, దేవుడు ప్రేమామయుడు అని ప్రతి ఆదివారం పాడతాం. చేతులెత్తి పాడతాం. కానీ ఆ ప్రేమకు షరతుల్లేవు అనే మాటను నమ్మి, దాని మీద బరువు మోపి నిలబడటం మనలాంటి పిల్లలకు చాలా కష్టం. ఎందుకు కష్టమో ముందు చూద్దాం.

మనం పెరిగిన లోకంలో షరతు లేకుండా దొరికింది ఏమన్నా ఉందా? ఎండాకాలం తునికాకు సంగతే తీసుకోండి. తెల్లారకముందే అడవికి పోతాం. ఎండ ముదిరేదాకా ఆకు కోస్తాం. ఇంటికొచ్చి చెట్టు నీడన కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కడతాం. సాయంత్రం కల్లానికి మోసుకుపోతాం. అక్కడ కల్లేదారు కట్టను చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తాడు. ఆకు చిన్నగా ఉందా, చిల్లులున్నాయా, కట్ట పలచగా ఉందా అని. నచ్చకపోతే పక్కన పడేస్తాడు. ఆ కట్ట వెనక మన అవ్వ ఎంత దూరం నడిచిందో ఆయన లెక్కలో ఉండదు. ఆయన పని ఆయనది, తప్పు పట్టట్లేదు. కానీ చిన్నప్పటి నుంచి మనం చూసింది ఇదే. బాగున్నది లోపలికి, బాగాలేనిది బయటికి.

తర్వాత చదువు. గురుకులం సీటుకు మార్కులు. కుల ధ్రువపత్రానికి ఆఫీసు చుట్టూ తిరుగుడు. స్కాలర్‌షిప్ రావాలంటే 75 శాతం హాజరు. ఇంట్లో మొదటిసారి డిగ్రీకి వచ్చినవాళ్లం మనం. ఒక సెమిస్టర్‌లో ఒక్క సబ్జెక్టు పోతే అది మన ఒక్కరి బ్యాక్‌లాగ్ కాదు, ఊరంతటి బ్యాక్‌లాగ్. ఫోన్ చేస్తే అయ్య అడిగే మొదటి మాట, "పాసయినవా?" ఆ మాట వెనక ప్రేమే ఉంది, మనకు తెలుసు. కానీ చెవికి మాత్రం షరతులాగానే వినపడుతుంది.

ఇట్లాంటి లోకంలో పెరిగినవాళ్లకు దేవుడి గురించి చెప్తే ఆయన్ని కూడా పెద్ద కల్లేదారుగానే ఊహించుకుంటారు. ఆదివారం పోతే హాజరు పడినట్టు, పోకపోతే ఆబ్సెంట్. ఉపవాసం ఉంటే రెండు మార్కులు, బైబిల్ చదవకపోతే మైనస్. చివరి రోజున మన కట్టను తిప్పి చూసి లోపల వేస్తాడో, పక్కన పడేస్తాడో అని భయం.

నిజం చెప్పాలంటే కొన్ని మీటింగుల్లో బోధ కూడా ఈ భయాన్నే పెంచుతుంది. సాక్ష్యం చెప్పడానికి మైకు ఎవరికి ఇస్తారు? ఉద్యోగం వచ్చినవాళ్లకు, రోగం తగ్గినవాళ్లకు, మంచి ర్యాంకు వచ్చినవాళ్లకు. ఫెయిలైన తమ్ముడు వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొడతాడు. ఎవరన్నా వచ్చి వాడి భుజం మీద చెయ్యేసి "నీ ప్రార్థన చాల్లేదేమో, విశ్వాసం చాల్లేదేమో" అంటారు. మరుసటి ఆదివారం వాడు రాడు. వాడు దేవుణ్ని వదిలేశాడని మనం అనుకుంటాం. అసలు సంగతి ఏందంటే, దేవుడే తనను వదిలేశాడని వాడికి మనం నమ్మించాం.

కానుకల సంగతి కూడా అంతే. ఇవ్వడం మంచిదే, కాదనట్లేదు. కానీ ఇంత ఇస్తే అంత వస్తుంది అని చెప్పడం వ్యాపారం. మెస్ ఖర్చులకు ఇంటి నుంచి వచ్చిన డబ్బులు భయంతో కానుక పెట్టెలో వేసి రెండు వారాలు సగం కడుపుతో ఉన్న పిల్లలు మనలో ఉన్నారు. ఆ డబ్బు కోసం దేవుడు ఎదురుచూస్తున్నాడని మేము నమ్మం.

ఇప్పుడు బైబిల్లోకి పోదాం. అందరికీ తెలిసిన కథలే, కానీ మన కళ్లతో చదివితే వేరే సంగతులు కనపడతాయి.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీల కథ ఉంది. యజమాని పొద్దున్నే పోయి కూలీలను మాట్లాడుకుంటాడు. మళ్లీ తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి పోతాడు. సాయంత్రం ఐదింటికి కూడా పోతాడు. అప్పటికీ కొంతమంది ఖాళీగా నిలబడే ఉంటారు. ఎందుకు నిలబడ్డారంటే మమ్మల్ని ఎవరూ పిలవలేదు అంటారు. మిరపకోతలకు పోయినవాళ్లకు ఈ మాట చెప్పాల్సిన పనిలేదు. ట్రాలీలో ముందు ఎవరు ఎక్కుతారు? గట్టివాళ్లు, చెయ్యి చురుగ్గా ఆడేవాళ్లు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, జ్వరం నుంచి లేచినవాళ్లు మిగిలిపోతారు. వాళ్లు బద్ధకస్తులు కాదు, ఎవరికీ అక్కర్లేనివాళ్లు. ఆ యజమాని వాళ్లకు కూడా రోజంతా పనిచేసినవాళ్లతో సమానంగా పూర్తి కూలి ఇచ్చాడు. ముందొచ్చినవాళ్లు గొణిగారు. వాళ్ల కూలిలో ఒక్క పైసా తగ్గలేదు, అయినా గొణిగారు.

ఎంత పని చేస్తే అంత కూలి అనేది న్యాయం. కానీ ఇంటికి పోయాక పిల్లలు తినేది ఒక రోజు తిండే కదా, ఒక గంట తిండి కాదు. ఆ యజమాని పనిని కొలవలేదు, ఇంటి ఆకలిని చూశాడు. చదువు అనే తోటలోకి సాయంత్రం ఐదింటికి వచ్చినవాళ్లం మనం. తాత చదవలేదు, అయ్య చదవలేదు. మనల్ని చాలా ఏళ్లు ఎవరూ పిలవలేదు. అందుకే ఈ కథ మన కోసమే చెప్పినట్టు ఉంటుంది మాకు.

రెండోది లూకా 15వ అధ్యాయం, తప్పిపోయిన కుమారుడి కథ. ఆ కొడుకు ఇంటికి తిరిగొచ్చే ముందు ఏం మాట్లాడాలో తయారు చేసుకుంటాడు. తప్పు చేశానని చెప్తా, కొడుకు అనిపించుకునే అర్హత లేదని చెప్తా, కూలివాడిగా పెట్టుకోమని అడుగుతా అని. తీరా వచ్చాక మొదటి రెండు మాటలే చెప్పగలిగాడు. మూడోది, కూలివాడిగా పెట్టుకో అనే మాట, నోటి నుంచి రాకముందే తండ్రి బట్టలు తెమ్మన్నాడు, ఉంగరం తెమ్మన్నాడు, చెప్పులు తెమ్మన్నాడు. కూలి బేరం పెట్టడానికి కూడా టైం ఇవ్వలేదు. మనం దేవుడితో రోజూ పెట్టే బేరం అదే కదా. ఈ పరీక్ష గట్టెక్కిస్తే నెలంతా ఉపవాసం ఉంటా, ఈ ఉద్యోగం ఇస్తే మొదటి జీతం ఇస్తా అని. ఆయన మనల్ని కూలికి పెట్టుకోవట్లేదు.

ఆ కథలో పెద్ద కొడుకు కూడా ఉన్నాడు. వాడు ఎక్కడికీ పోలేదు. అన్ని రోజులూ హాజరు, అన్ని పనుల్లో ముందు. కానీ తమ్ముడు వచ్చాడని తెలిసినప్పుడు బయటే నిలబడిపోయాడు. ఇన్నేళ్లు దాసుడిలా చేశాననే లెక్క తీశాడు. ఇంట్లో ఉండి కూడా కూలివాడిలాగే బతికాడు వాడు. మన హాస్టల్లో, మన సంఘాల్లో బాగా చదివే, బాగా ప్రార్థన చేసే చాలామంది పరిస్థితి ఇదే. పైకి అంతా బాగుంటుంది, లోపల ఒక్కసారి జారితే అంతా పోతుందనే భయం. తండ్రి బయటికి వచ్చి వాణ్ని కూడా బతిమాలాడు. ఆ ప్రేమ ఇద్దరికీ అవసరమే.

మూడోది మాకు అన్నిటికంటే ఇష్టమైనది. యోహాను సువార్త చివరి అధ్యాయం. పేతురు అంతకుముందు ఒక రాత్రి బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ, యేసు ఎవరో తెలియదని మూడుసార్లు అన్నాడు. తర్వాత ఒడ్డున మళ్లీ బొగ్గుల మంట. దాని మీద చేపలు, పక్కన రొట్టె. యేసు ముందు వాళ్లను పిలిచి తినమన్నాడు. తిన్న తర్వాతే పేతురును అడిగాడు. అడిగింది కూడా ఎందుకు అట్లా చేశావని కాదు, నన్ను ప్రేమిస్తున్నావా అని. ముందు తిండి, తర్వాత మాట. రాత్రంతా గోదాట్లో వలేసి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన మనిషికి ఆ వేడి చేప ఎట్లా ఉంటుందో మన ఊళ్లలో వేరే చెప్పక్కర్లేదు.

కొంతమంది పెద్దలు అడుగుతారు. షరతుల్లేవని చెప్తే పిల్లలు చెడిపోరా? ఎట్లా ఉన్నా ప్రేమిస్తాడంటే చదవడం ఎందుకు, మంచిగా ఉండటం ఎందుకు అని. మంచి ప్రశ్నే. పౌలును కూడా ఇదే అడిగి ఉంటారు, రోమా పత్రిక 6వ అధ్యాయం మొదట్లోనే ఆయన దానికి గట్టిగా కాదని చెప్పాడు. మాకు అర్థమైంది ఏందంటే, భయంతో చేసే మంచి వార్డెన్ ఉన్నంతసేపే. వార్డెన్ గేటు దాటగానే అయిపోతుంది. ప్రేమ తెలిసి చేసే మంచి ఎవరూ చూడకపోయినా ఉంటుంది. మన అవ్వ మనల్ని తొమ్మిది నెలలు మోసేటప్పుడు వీడు పాసవుతాడా అని చూడలేదు. అది తెలిసినవాడు అవ్వ కష్టాన్ని తాగి తగలేస్తాడా? తెలియనివాడే తగలేస్తాడు. మంచి నడవడి ఆ ప్రేమకు కట్టే ఫీజు కాదు, ఆ చెట్టుకు కాసే కాయ.

రోగం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇది ప్రాణాల మీదికి వస్తుంది. మన గూడేల్లో సికిల్ సెల్ ఉన్న పిల్లలు ఉన్నారు. ఒళ్లు నొప్పులతో మెలికలు తిరుగుతుంటే, ఇది ఏ పాపం వల్ల వచ్చిందో అని ప్రార్థనలోనే అడిగేవాళ్లు ఉన్నారు. యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు సరిగ్గా ఇదే అడిగారు, వీడి పాపమా, తల్లిదండ్రుల పాపమా అని. యేసు ఇద్దరిదీ కాదన్నాడు. సికిల్ సెల్ అనేది తల్లి నుంచి, తండ్రి నుంచి ఇద్దరి దగ్గరి నుంచీ ఆ జన్యువు వస్తే వచ్చే రక్త జబ్బు. ఒక్కరి నుంచే వస్తే మనిషి మామూలుగానే ఉంటాడు, కానీ పిల్లలకు అందించగలడు. దీని నిర్మూలన కోసం కేంద్రం 2023 జూలై 1న ఒక జాతీయ మిషన్ మొదలుపెట్టింది, 2047 నాటికి లేకుండా చేయాలని లక్ష్యం. పరీక్ష చేయించుకోవాలి, పెళ్లికి ముందు ఇద్దరూ చూసుకోవాలి, డాక్టర్ ఇచ్చిన మందు మానకూడదు. ప్రార్థన చేయండి, మేమూ చేస్తాం. కానీ మందు వేసుకోవడం విశ్వాసం తక్కువైనందుకు గుర్తు కాదు. దేవుడు శిక్షిస్తున్నాడని చెప్పి నొప్పిలో ఉన్న బిడ్డ మీద ఇంకో బరువు పెట్టకండి.

ఇప్పుడు వేరే నమ్మకం ఉన్న మన అన్నదమ్ముల సంగతి. మన కోయ ప్రాంతానికి క్రైస్తవం నిన్నా మొన్నా రాలేదు. దుమ్ముగూడెంలో 19వ శతాబ్దంలోనే మిషన్ ఉంది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ అనే పాదిరి 1880ల్లోనే కోయల గురించి, కోయ భాష గురించి రాశారు. అంటే మన భాషను చిన్నచూపు చూడకుండా కూర్చుని నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. ఇప్పుడు మనమేమో ప్రార్థన చేయాలంటే పుస్తకాల తెలుగు వెతుక్కుంటాం. కోయలో చేస్తే పక్కవాళ్లు నవ్వుతారేమోనని. ఉన్నది ఉన్నట్టు ప్రేమించేవాడి ముందు భాషకు ఇస్త్రీ చేయాల్సిన పనేముంది? ఇంట్లో అవ్వతో మాట్లాడే మాటతోనే ఆయనతో మాట్లాడొచ్చు.

అట్లాగే, షరతుల్లేని ప్రేమను నమ్మినవాడు తన పెద్దమ్మను, మేనమామను వేల్పును కొలుస్తున్నారని ఎగతాళి చేయలేడు. రెండేళ్లకోసారి మేడారం పోయి బెల్లం మోసే మన బంధువులు మన శత్రువులు కారు. సమ్మక్క సారలమ్మల కథ మన జాతి ధైర్యం కథ. మేము పూజ చేయకపోవచ్చు, కానీ ఆ కథ విని గర్వపడతాం. కొమ్ము నృత్యం చూస్తే మా కాళ్లు కూడా కదులుతాయి. చావు ఇంటికి పోయి కూర్చోవడానికి, కట్టెలు మోయడానికి, ఏడ్చేవాళ్ల పక్కన ఉండటానికి మతం అడ్డం రాకూడదు. దేవుడు మనల్ని అర్హత చూడకుండా దగ్గరికి తీసుకున్నాడని చెప్పుకుంటూ, మనం మాత్రం అర్హత చూసి బంధువుల గడప తొక్కుతామంటే మనం నమ్మేది ఏంటి?

ఇటు మిమ్మల్ని కూడా ఒకటి అడుగుతున్నాం. చర్చికి పోయినవాడు ఆదివాసీ కాదు, ఎస్టీ జాబితా నుంచి తీసేయాలి అనే మాట మన పిల్లల ఫోన్లలోకి కూడా వచ్చింది. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది, తెగల దాంట్లో లేదు. మన తెగ మన పుట్టుక నుంచి, మన గట్టు నుంచి, మన భాష నుంచి వచ్చింది. మనల్ని మనమే విడగొట్టుకుంటే పోయేది మన భూమి, మన సీట్లు. నమ్మకం వేరైనా రక్తం ఒకటే అని మీరు అనుకుంటే, మాకు అది పెద్ద బలం.

మరి నమ్మడం ఎట్లా నేర్చుకోవాలి? ఒక్క మీటింగులో, ఒక్క ఏడుపులో రాదు. వానాకాలం వాగు దాటడం లాంటిది. ఒడ్డున నిలబడి నీళ్లను చూస్తే భయం పోదు. కర్రతో లోతు చూసుకుంటూ, ముందు దాటినవాళ్ల చెయ్యి పట్టుకుని, ఒక్కో అడుగు వేస్తేనే కాలికి నేల తగులుతుంది. హోషేయ 11వ అధ్యాయంలో దేవుడు బిడ్డకు నడక నేర్పే తండ్రిలా కనపడతాడు. నడక నేర్చుకునే బిడ్డ పడితే ఏ తండ్రీ ఫెయిల్ అని రాయడు.

మా హాస్టల్ ప్రార్థన గుంపులో ఇప్పుడు కొన్ని చేస్తున్నాం. మీరూ చేసి చూడండి.

ఒకటి, బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు కూడా సాక్ష్యం చెప్తారు. జవాబు రాని ప్రార్థన గురించి కూడా చెప్పొచ్చు. కీర్తనల్లో 88వది చీకటిలోనే ముగుస్తుంది, దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు కదా.

రెండు, రెండు వారాలు కనపడని మనిషి గదికి పోతాం. ఎందుకు రాలేదని అడగం. తిన్నావా అని అడుగుతాం. ముందు తిండి, తర్వాత మాట.

మూడు, భయపెట్టి కానుక అడగం. మెస్ డబ్బులు ముట్టుకోవద్దని జూనియర్లకు చెప్తున్నాం.

నాలుగు, రిజల్ట్స్ వచ్చే రోజు ఎవరినీ ఒంటరిగా గదిలో వదలం. ఇది అన్నిటికంటే ముఖ్యం. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఎన్ని ఇళ్లలో ఏడుపులు విన్నామో మర్చిపోలేం. ఒక మార్కుల మెమో తన విలువ మొత్తాన్ని చెప్పేసిందని ఒక బిడ్డ నమ్మడం కంటే పెద్ద అబద్ధం ఇంకోటి లేదు. మనసు బాగా బరువెక్కితే టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ టైంలోనైనా, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయడం కూడా విశ్వాసమే.

రోమా పత్రిక 8వ అధ్యాయం చివర్లో పౌలు ఒక పెద్ద లిస్టు రాస్తాడు. చావు, బతుకు, ఇప్పుడున్నవి, రాబోయేవి, ఇవేవీ మనల్ని ఆ ప్రేమ నుంచి వేరు చేయలేవని. ఆ లిస్టులో సప్లిమెంటరీ పరీక్ష అనే మాట లేదు గానీ, రాబోయేవి అన్న మాటలో అది కూడా ఉందని మేము చదువుకుంటాం.

ఈ సెమిస్టర్ రిజల్ట్స్ ఇంకొన్ని రోజుల్లో వస్తాయంటున్నారు. మీ గదిలో, మీ బ్లాకులో ఎవరు మౌనంగా ఉంటున్నారో ఒకసారి చూడండి. మీ మాట ఏందో కింద రాయండి. ఒప్పుకోని మాటలున్నా రాయండి, కలిసి మాట్లాడుకుందాం.

జై ఆదివాసీ.